ఓడ మునిగింది... ముద్ర మిగిలింది!

కొందరు స్టాంపులు దాచుకుంటారు. కొందరు నాణేలు పోగేస్తారు. ఇంకొందరున్నారు... వాళ్లకి స్టాంపు ఎంత అందంగా ఉందన్నది ముఖ్యం కాదు. దానిమీద కొట్టిన నల్లటి ముద్ర కావాలి. అదీ ఏ ఊరి పోస్టాఫీసుదో కాదు, సముద్రంలో తిరిగే యుద్ధనౌకది! ఆ ముద్రల్లో యుద్ధాలున్నాయి, చందమామ యాత్రలున్నాయి, తిరిగిరాని నావికులున్నారు.

పాతబడి పసుపురంగుకి తిరిగిన చిన్న కవరు. కుడిచేతి మూలన మూడు సెంట్ల అమెరికా స్టాంపు. దాని పక్కన గుండ్రటి ముద్ర. అందులో 'యూఎస్‌ఎస్ అరిజోనా' అన్న అక్షరాలు, మధ్యలో తేదీ. లోపల ఉత్తరం కూడా ఉండకపోవచ్చు. చూడ్డానికి ఎవరో చిత్తుకాగితాల్లో పడేయాల్సిన కవరులాగే ఉంటుంది. కానీ నావికాదళ కవర్లు సేకరించేవాళ్ల ముందు పెట్టి చూడండి, రెండు చేతులతో జాగ్రత్తగా అందుకుంటారు.

ఎందుకంటే ఆ ముద్ర కొట్టిన ఓడ ఇప్పుడు హవాయి దీవుల్లోని పెరల్ హార్బర్‌లో నీటి అడుగున ఉంది. ఆ ఓడలోని పోస్టాఫీసూ అంతే. అలాంటి ముద్ర మరొకటి పడే అవకాశమే లేదు. ఉన్నవే ఉన్నాయి!

ఓడలో పోస్టాఫీసు

యుద్ధనౌక అంటే మనకు ఫిరంగులూ క్షిపణులే గుర్తొస్తాయి. నిజానికి పెద్ద యుద్ధనౌక ఓ చిన్నపాటి ఊరు. వెయ్యి మందికి పైగా ఉంటారు. వంటశాల, ఆసుపత్రి, క్షౌరశాల... అన్నీ అందులోనే. అన్నీ ఉన్నాయి సరే, మరి ఇంటికి ఉత్తరం రాయాలంటే?

ఒకప్పుడు ఓడమీద రాసిన ఉత్తరం ఏదో ఒక రేవు వచ్చేదాకా ఎదురుచూడాల్సిందే. ఒడ్డున ఉన్న తపాలా కార్యాలయంలో పడేస్తే అక్కడి ముద్ర పడేది. వేల మంది నావికులు నెలల తరబడి సముద్రంలో ఉంటే ఇదో పెద్ద తలనొప్పి. 1907 డిసెంబరులో అమెరికా తన బలం చూపించుకోడానికి తెల్లరంగు వేసిన 16 యుద్ధనౌకల్ని ప్రపంచయాత్రకు పంపింది. వాటిలో సుమారు 14 వేల మంది ఉన్నారు. ఆ నౌకలు తిరిగొచ్చింది 1909 ఫిబ్రవరిలో. సరిగ్గా ఆ యాత్ర సాగుతుండగానే, 1908 మే 27న అక్కడ ఓ చట్టం వచ్చింది. దాని ప్రకారం నౌకాదళ ఓడల్లో పోస్టాఫీసులు పెట్టొచ్చు. నావికుల్లోనే ఒకర్ని మెయిల్ క్లర్కుగా నియమించొచ్చు. అతను స్టాంపులమ్ముతాడు, ఉత్తరాలు తీసుకుంటాడు, ముద్ర వేస్తాడు, వచ్చిన ఉత్తరాలు పంచుతాడు. అచ్చం మన ఊరి పోస్టుమాస్టరే, కాకపోతే యూనిఫాంలో ఉంటాడు.

ఈ ముద్రలకో ప్రత్యేకత ఉంది. ఎడమవైపు గుండ్రటి చక్రంలో ఓడ పేరు, తేదీ ఉంటాయి. కుడివైపు స్టాంపును రద్దుచేసే అడ్డగీతలు. చాలా ముద్రల్లో ఆ గీతల మధ్య కాస్త ఖాళీ వదిలేవారు. క్లర్కు రబ్బరు అక్షరాలు పేర్చి అక్కడ తనకు కావలసిన మాట పెట్టుకోవచ్చు. ఓడ ఏ రేవులో లంగరేసిందో ఆ పేరు పెట్టేవారు. పండగొస్తే పండగ పేరు. అక్టోబరు 27న వాళ్ల నేవీ డే వస్తే ఆ ముక్క. ఓడ తేదీతో సహా తన ఆచూకీ తనే చెప్పుకుంటున్నట్టు!

స్టాంపు సేకరించేవాళ్లకి, ఈ కవర్లవాళ్లకి తేడా అక్కడే. స్టాంపు లక్షల్లో అచ్చవుతుంది. అన్నీ ఒకేలా ఉంటాయి. ముద్ర అలా కాదు. ఫలానా ఓడ, ఫలానా రోజు, ఫలానా చోట, ఓ మనిషి చేత్తో కొట్టిన దెబ్బ అది. సిరా ఎక్కువైతే అలుక్కుపోతుంది, తక్కువైతే సగమే పడుతుంది. ఏ రెండూ ఒకటి కావు.

రాష్ట్రపతి భవనం దాకా పిచ్చి!

1930లు వచ్చేసరికి అమెరికాలో ఈ సరదా ఓ జ్వరంలా పాకింది. ఆర్థికమాంద్యం రోజులవి. చేతుల్లో డబ్బులాడేవి కావు. ఖరీదైన అలవాట్లు ఎవరికీ కుదరవు. దీనికి మాత్రం అయ్యే ఖర్చు మూడు సెంట్లు. 1932 నుంచి అక్కడ మామూలు ఉత్తరానికి స్టాంపు ధర అదే.

పద్ధతి చాలా సులువు. కవరు మీద స్టాంపు అంటించి తమ చిరునామా తామే రాసుకోవాలి. చాలామంది తర్వాత చెరిపేయడానికి వీలుగా పెన్సిలుతో పల్చగా రాసేవారు. దాన్ని మరో పెద్ద కవర్లో పెట్టి, 'అయ్యా, దీనిమీద మీ ఓడ ముద్ర వేసి పంపండి' అని చిన్న చీటీ జతచేసి ఓడ మెయిల్ క్లర్కుకి పంపాలి. ఇక ఎదురుచూపులే. ఓడ ఏ సముద్రంలో ఉందో, క్లర్కుకి తీరిక ఎప్పుడు దొరుకుతుందో తెలీదు. వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు. ఓ రోజు పోస్టుమాన్ తలుపు కొడతాడు. మనం పంపిన కవరే మన దగ్గరకొస్తుంది, సముద్రాన్ని చూసొచ్చి!

అందులోనూ రకాలున్నాయి. ఓడ కట్టడానికి తొలి ఉక్కుపలక పరిచిన రోజు, నీళ్లలోకి దించిన రోజు, నౌకాదళంలో చేరిన రోజు... ఇలా ఒక్కో ఘట్టానికీ ఒక్కో కవరు. కవరు ఎడమవైపు ఖాళీలో ఆ సందర్భానికి తగ్గ బొమ్మ ముద్రించేవారు. సేకర్తల భాషలో దాన్ని 'క్యాషే' అంటారు. మనిషికి బారసాల, అన్నప్రాశన, అక్షరాభ్యాసం ఉన్నట్టు ఓడకీ కవర్ల వరసన్నమాట.

ముద్రలు వందల రకాలు కావడంతో వాటికో లెక్క కావాల్సొచ్చింది. ఫ్రాన్సిస్ లోసీ అనే వైద్యుడు ఆ పని తలకెత్తుకున్నాడు. చక్రం ఎలా ఉంది, గీతలెన్ని, అక్షరాలెక్కడ అని చూసి ముద్రల్ని తరగతులుగా విడదీశాడు. ఇప్పటికీ సేకర్తలు 'ఇది లోసీ మూడో రకం' అని మాట్లాడుకునేది ఆయన పద్ధతినే. 1932లో వీళ్లందరికీ 'యూనివర్సల్ షిప్ క్యాన్సిలేషన్ సొసైటీ' అనే సంఘం ఏర్పడింది. తొంభై ఏళ్లు దాటినా అది నడుస్తూనే ఉంది.

ఆ జ్వరం దేశాధ్యక్షుణ్నీ వదల్లేదు. 1933లో అధ్యక్షుడైన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ చిన్నప్పట్నుంచీ స్టాంపుల పిచ్చోడు. దానికి తోడు 1913 నుంచి 1920 దాకా నౌకాదళ శాఖలో సహాయ కార్యదర్శిగా చేశాడు. ఓడలన్నా ప్రాణమే. సెలవు దొరికితే యుద్ధనౌకలో షికారు వెళ్లేవాడు. ఆయనకు బాగా ఇష్టమైన ఓడ యూఎస్‌ఎస్ హ్యూస్టన్. 1934 వేసవిలో అందులోనే పనామా కాలువ మీదుగా హవాయి వెళ్లాడు. పదవిలో ఉండగా హవాయిలో అడుగుపెట్టిన తొలి అమెరికా అధ్యక్షుడాయనే. అధ్యక్షుడు ఎక్కిన ఓడ ముద్రంటే ఊరుకుంటారా? ఆ యాత్రల కవర్లకి సేకర్తలు ఎగబడ్డారు.

సరదాగా మొదలైన కవర్లు సాక్ష్యాలుగా మారడానికి ఆ తర్వాత ఏడెనిమిదేళ్లే పట్టింది.

ఆ ఆదివారం ఉదయం

1914 మార్చి 16న న్యూయార్క్ రేవులో ఓ యుద్ధనౌకకి తొలి పలక పరిచారు. ఆ వేడుకకి వచ్చిన పెద్దల్లో అప్పటి సహాయ కార్యదర్శి రూజ్‌వెల్ట్ కూడా ఉన్నాడు. ఆ నౌకే అరిజోనా. 1916 అక్టోబరులో దళంలో చేరింది. 1931లో అధ్యక్షుడు హూవర్‌ని కరీబియన్ దీవులకు తీసుకెళ్లింది. 1934లో ఓ హాలీవుడ్ సినిమా షూటింగ్ కూడా ఈ ఓడ మీద జరిగింది. అందరికీ తెలిసిన ఓడ కాబట్టి ముద్రల కోసం వచ్చే కవర్లకీ కొదవుండేది కాదు.

1941 డిసెంబరు 7, ఆదివారం. ఉదయం ఎనిమిది గంటలు కావస్తుండగా జపాన్ విమానాలు పెరల్ హార్బర్ మీద విరుచుకుపడ్డాయి. కాసేపటికే ఓ బాంబు అరిజోనా ముందుభాగంలోకి దూసుకెళ్లింది. లోపల ఉన్న మందుగుండు ఒక్కసారిగా పేలింది. ఆ ఒక్క ఓడలోనే 1,177 మంది చనిపోయారు. వారిలో 900 మందికి పైగా ఇప్పటికీ ఆ ఓడలోనే ఉన్నారు. 1962లో మునిగిన ఓడకు అడ్డంగా, నీళ్లమీద తెల్లటి స్మారకం కట్టారు. ఓడ ట్యాంకుల్లోంచి చమురు బొట్లు బొట్లుగా ఇప్పటికీ పైకి తేలుతూనే ఉంటుంది. ఆ దాడి నుంచి బయటపడ్డ అరిజోనా నావికుల్లో చివరివాడు లూ కాంటర్ 2024 ఏప్రిల్ 1న, 102 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

మరి హ్యూస్టన్? 1942 మార్చి 1న ఇండోనేషియా దగ్గర సుందా జలసంధిలో జపాన్ నౌకలతో పోరాడుతూ మునిగిపోయింది. అధ్యక్షుడు సేదతీరిన డెక్కు సముద్రం పాలైంది. బతికి బయటపడ్డవాళ్లు జపాన్ చేతికి చిక్కారు. వాళ్లలో చాలామందిని బర్మా-థాయ్‌లాండ్ రైలుమార్గం పనిలో వాడుకున్నారు. ఓడకి ఏమైందో నెలల తరబడి బయటి ప్రపంచానికి తెలీనేలేదు. పూర్తి కథ యుద్ధం ముగిసి, బందీలు విడుదలయ్యాకే బయటికొచ్చింది.

ఇప్పుడు 1930ల నాటి ఆ సరదా కవర్లని మళ్లీ చూడండి. 'పండగ శుభాకాంక్షలు' అని గీతల మధ్య రబ్బరు అక్షరాలు పేర్చిన క్లర్కుకి తన ఓడ ఎప్పుడు మునుగుతుందో తెలీదు. కవరు పంపిన కుర్రాడికీ తెలీదు. చరిత్ర కోసం తీసిన ఫొటోలో అందరూ సర్దుకుని నిలబడతారు. ఈ ముద్రలో ఎవరూ సర్దుకోలేదు. మామూలు రోజున మామూలుగా పడిన ముద్ర. అందుకే మునిగిన తేదీకి దగ్గరయ్యేకొద్దీ అలాంటి కవరు పట్టుకున్న చెయ్యి వణుకుతుంది.

పేరు చెరిపేసిన రోజులు

యుద్ధంలోకి దిగాక అమెరికా చేసిన పనుల్లో ఒకటి - ముద్రల్లోంచి ఓడల పేర్లు తీసేయడం. ఎందుకో ఊహించడం కష్టం కాదు. ఓడ పేరు, తేదీ, రేవు... శత్రువుకి ఇంతకంటే మంచి సమాచారం ఏముంటుంది? అంతకుముందు సేకర్తల్ని మురిపించిన వివరాలే ఇప్పుడు ప్రాణాలమీదికి తెచ్చేవయ్యాయి. ఓడ పేరుండే చోట 'యూఎస్ నేవీ' అని మాత్రమే మిగిలింది. ఓడలోని అధికారులు ప్రతి ఉత్తరాన్నీ చదివి, 'పరిశీలించాం' అన్న సెన్సారు ముద్ర వేసి పంపేవారు. ఓడ ఎక్కడుందో తెలిపే మాట కనిపిస్తే కత్తిరించేసేవారు.

1942 ఏప్రిల్ 1 నుంచి సైనికులకు స్టాంపు అక్కర్లేకుండా చేశారు. కవరు మూలన 'ఉచితం' అని చేత్తో రాస్తే సరిపోయేది. అలా స్టాంపూ లేదు, ఓడ పేరూ లేదు. సేకర్తకి ఇందులో ఏముంటుంది అనుకుంటాం. నిజానికి ఉన్నదంతా ఇందులోనే! ఆడంబరమేమీ లేకుండా అమ్మకో, భార్యకో రాసిన అసలైన ఉత్తరాలవి.

వాటిలోనే మరో రకం ఉంది. ఇంటినుంచి ఓడకు వెళ్లి, అక్కడ అందుకునేవాడు లేక తిరిగొచ్చిన ఉత్తరాలు. కవరు మీద 'గల్లంతు' అనో, 'మరణించారు' అనో ముద్ర ఉంటుంది. లోపల ఊళ్లో సంగతులు, ఎప్పుడొస్తావన్న ప్రశ్న. అలాంటి కవరు కంటపడితే ఎంతటి సేకర్తయినా దాని ధర సంగతి కాసేపు మర్చిపోతాడు.

క్షిపణిలో ఉత్తరాలు

అన్నీ కన్నీటి కథలే కావు. నవ్వొచ్చేవీ ఉన్నాయి. ఉత్తరాన్ని క్షిపణిలో పెట్టి పేలిస్తే ఎలా ఉంటుంది? 1959లో అమెరికా తపాలాశాఖకి ఈ ఆలోచనొచ్చింది. యూఎస్‌ఎస్ బార్బెరో అనే జలాంతర్గామిలో లాంఛనంగా ఓ పోస్టాఫీసు తెరిచారు. రెగ్యులస్ క్షిపణి ముక్కులో పేలుడు పదార్థానికి బదులు 3,000 ఉత్తరాలు సర్దారు. అన్నీ తపాలాశాఖ అధిపతి ఆర్థర్ సమ్మర్‌ఫీల్డ్ రాసినవే. జూన్ 8న దాన్ని సముద్రం మీంచి ఫ్లోరిడాలోని మేపోర్ట్ వైపు వదిలారు. 22 నిమిషాల్లో క్షేమంగా దిగింది!

సమ్మర్‌ఫీల్డ్ ఆనందానికి హద్దుల్లేవు. మనిషి చంద్రుడిమీద కాలుపెట్టకముందే న్యూయార్క్ నుంచి ఇంగ్లండుకీ, ఇండియాకీ, ఆస్ట్రేలియాకీ గంటల్లో క్షిపణుల్లో ఉత్తరాలు అందుతాయని ప్రకటించేశాడు. ఆ ముచ్చట అక్కడితోనే ఆగిపోయింది. ఖర్చు సంగతి అలా ఉంచి, విమానాలు ఉండగా క్షిపణులెందుకు? బార్బెరోని 1964లో గురిచూసి కొట్టే సాధనలో లక్ష్యంగా పెట్టి ముంచేశారు. ఆ 3,000 కవర్లు మాత్రం ఇప్పటికీ సేకర్తల చేతులు మారుతున్నాయి. వాటిలో ఒకటి వాషింగ్టన్‌లోని జాతీయ తపాలా మ్యూజియంలో ఉంది.

చందమామ నుంచి ఓడమీదికి

క్షిపణిలో ఉత్తరాలు రాలేదుగానీ, పదేళ్లకి మనిషి చంద్రుడిమీద కాలుపెట్టాడు. తిరిగొచ్చినవాళ్లు దిగింది సముద్రంలో. వాళ్లని ఎత్తుకొచ్చింది యుద్ధనౌకలు. ఇంకేముంది, సేకర్తలకి పండగే! 1969 జులై 24న అపోలో-11 వ్యోమగాముల్ని పసిఫిక్‌లోంచి తీసుకొచ్చిన విమానవాహక నౌక యూఎస్‌ఎస్ హార్నెట్. వాళ్లని పలకరించడానికి అధ్యక్షుడు నిక్సన్ ఆ ఓడమీదికే వచ్చాడు. ఆ రోజు తేదీతో హార్నెట్ ముద్ర పడిన కవరంటే, చంద్రుడి నుంచి మనిషి తిరిగొచ్చిన ఘడియకి ఓ రసీదు లాంటిది. హార్నెట్ ఇప్పుడు కాలిఫోర్నియాలో మ్యూజియం.

ఓడ ముద్ర కోసం వ్యోమగాములే ఇబ్బందుల్లో పడ్డ సంగతీ ఉంది. 1971లో అపోలో-15లో వెళ్లిన డేవిడ్ స్కాట్, ఆల్ఫ్రెడ్ వార్డెన్, జేమ్స్ ఇర్విన్ అనుమతి లేకుండా సుమారు 400 కవర్లు వెంట తీసుకెళ్లారు. ఆగస్టు 7న దిగేటప్పుడు మూడు పారాచూట్లలో ఒకటి ముడుచుకుపోయింది. అయినా బతికి బయటపడ్డారు. వాళ్లని ఎక్కించుకున్న యూఎస్‌ఎస్ ఒకినావా నౌకలోని పోస్టాఫీసులో ఆ కవర్లకి ముద్రలు వేయించారు. వాటిలో 100 కవర్లు జర్మనీ స్టాంపుల వ్యాపారి చేతికి వెళ్లాయి. ఆయన అమ్మకానికి పెట్టేసరికి గుట్టు రట్టయింది. 1972లో ముగ్గురికీ మందలింపులు, విచారణలు. మిగిలిన కవర్లని ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. వార్డెన్ కోర్టుకెక్కాక 1983లో తిరిగిచ్చేసింది. చంద్రుడిమీదికి వెళ్లొచ్చిన కీర్తి కూడా ఓ కవరు దగ్గర తడబడింది!

అసలా, నకిలీయా?

విలువ ఉన్నచోట దొంగముద్రలూ పుడతాయి. పాత కవరు సంపాదించి, రబ్బరు ముద్ర తయారుచేయించి కొట్టేస్తే ఎవరికి తెలుస్తుంది? సేకర్తకి తెలుస్తుంది. ముందు స్టాంపు ఎప్పుడు విడుదలైందో చూస్తాడు. చంద్రుడిమీద తొలి మనిషి బొమ్మతో అమెరికా తెచ్చిన పది సెంట్ల స్టాంపు 1969 సెప్టెంబరు 9న వచ్చింది. దానిమీద జులై 24 హార్నెట్ ముద్ర ఉంటే? అనుమానించాల్సిందే. తర్వాత ఆ రోజున ఓడ ఎక్కడుందో రికార్డుల్లో వెతుకుతాడు. ఓడ ఒక రేవులో ఉంటే ముద్రలో ఇంకో రేవు పేరుంటే తేడా ఉన్నట్టే. ఆ ఓడ ఆ కాలంలో ఏ రకం ముద్ర వాడిందో లోసీ జాబితాలో పోల్చుకుంటాడు. ఓ చిన్న కవరు కోసం డిటెక్టివ్ పనంతా చేస్తాడన్నమాట.

ఈ శ్రమ వృథా కాదు. సేకర్తలు తమ కవర్ల బొమ్మల్ని ఒకచోట చేర్చి ఇంటర్నెట్‌లో 'నేవల్ కవర్ మ్యూజియం' పెట్టారు. ఎప్పుడో ముక్కలైపోయిన చిన్నాచితకా ఓడలకీ అందులో చోటుంది. తాత పనిచేసిన ఓడ పేరు తప్ప ఇంకేమీ తెలియని మనవడు అక్కడ ఆ ఓడ ముద్ర చూసుకోవచ్చు.

మన ఓడలు, మన ఉత్తరాలు

మన దగ్గర పద్ధతి వేరు. సైన్యంలో కొడుకో, అల్లుడో ఉన్న ఇళ్లకి '56 ఏపీవో', '99 ఏపీవో' అన్న చిరునామాలు కొత్త కాదు. ఆ అంకెల వెనక మనిషి ఏ కొండమీద ఉన్నాడో తెలీదు. తెలియకూడదనే ఆ అంకెలు. నౌకాదళంలో ఉన్నవాళ్లకి ఓడ పేరు రాసి 'కేరాఫ్ ఫ్లీట్ మెయిల్ ఆఫీస్' అని విశాఖపట్నమో, ముంబయో, కొచ్చినో రాస్తారు. ఉత్తరం ఎక్కడికి చేరాలో ఆ ఆఫీసు చూసుకుంటుంది. సైనిక తపాలా పనులు చూసే ఆర్మీ పోస్టల్ సర్వీస్ కోర్ 1972 మార్చి 1న విడి విభాగంగా ఏర్పడింది.

తూర్పు నౌకాదళానికి విశాఖే కేంద్రం. 1971 డిసెంబరు తొలివారంలో విక్రాంత్‌ని వెతుక్కుంటూ వచ్చిన పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది విశాఖ తీరంలోనే. అదే యుద్ధంలో డిసెంబరు 9న గుజరాత్ తీరానికి అవతల మన ఐఎన్ఎస్ ఖుక్రీ మునిగిపోయింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు తిరిగిరాలేదు. ఓడతోపాటే ఉండిపోయిన కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా బొమ్మతో 2000లో మన తపాలాశాఖ స్టాంపు తెచ్చింది. ఇక విక్రాంత్ 1997 జనవరి 31న విధుల నుంచి తప్పుకొంది. కొన్నేళ్లు ముంబయిలో మ్యూజియంగా ఉంది. 2014లో విడగొట్టడం మొదలుపెట్టారు. ఆ ఇనుములో కొంత మోటారుసైకిళ్ల తయారీకి వెళ్లింది. అంత పెద్ద విమానవాహక నౌక అలా కరిగిపోయింది!

2006 ఫిబ్రవరిలో రాష్ట్రపతి అబ్దుల్ కలాం విశాఖ తీరంలో నౌకాదళాన్ని సమీక్షించినప్పుడు స్టాంపులు విడుదలయ్యాయి. 2022లో రామ్‌నాథ్ కోవింద్ సమీక్షించినప్పుడూ స్టాంపు, తొలిరోజు కవరు వచ్చాయి. అప్పట్లో కలాం విశాఖలో ఐఎన్ఎస్ సింధురక్షక్ జలాంతర్గామి ఎక్కి సముద్రంలోకి వెళ్లడం గుర్తుండే ఉంటుంది. ఆ సింధురక్షక్ 2013 ఆగస్టు 14న ముంబయి రేవులో పేలుళ్లతో మునిగింది. 18 మంది చనిపోయారు. రూజ్‌వెల్ట్ ఎక్కిన హ్యూస్టన్‌లాగే, ఓ దేశాధినేత సంతోషంగా అడుగుపెట్టిన ఓడకి తర్వాత రాసిపెట్టి ఉన్నదేమిటో ఆ రోజు ఎవరికీ తెలీదు.

పెట్టెలో ఏముందో చూశారా?

ఇప్పుడు ఓడమీంచి కూడా మెసేజీలూ వీడియో కాల్సే. కొడుకు మొహం చూస్తూ మాట్లాడే అమ్మకి ఉత్తరం లేదన్న దిగులు లేదు, ఉండక్కర్లేదు కూడా. కానీ ఆ మాటలకి తేదీ ముద్ర పడదు. యాభై ఏళ్ల తర్వాత ఎవరి పెట్టెలోనూ దొరకవు.

అందుకే పాతవి ఉన్నవాళ్లు వాటిని కాస్త జాగ్రత్తగా చూసుకోవాలి. మన ఇళ్లలో నాన్నో, తాతో, బాబాయో నౌకాదళంలోనో, సైన్యంలోనో చేసి ఉంటే ట్రంకుపెట్టె అడుగున ఉత్తరాల కట్ట ఉండే ఉంటుంది. ఇల్లు మారేటప్పుడు వాటిని చిత్తుకాగితాలవాడికి వేసేయకండి. పిల్లలు స్టాంపుల కోసం కత్తెర తీసుకుంటే ఆపండి. స్టాంపు కత్తిరిస్తే ముద్ర సగమే మిగులుతుంది, చిరునామా పోతుంది, కవరు కథంతా పోతుంది. స్టాంపు ఎక్కడైనా కొనుక్కోవచ్చు, ఆ కవరు దొరకదు.

దాచే పద్ధతీ తేలికే. రబ్బరుబ్యాండు వేయొద్దు, కరిగి కాగితానికి అంటుకుపోతుంది. చిరిగినచోట సెలోఫేన్ టేపు అసలే వద్దు, మరకలు పడతాయి. పిన్నులూ క్లిప్పులూ తుప్పు పడతాయి. ఫొటోస్టూడియోల్లో ఇచ్చే వాసనొచ్చే మెత్తటి ప్లాస్టిక్ కవర్లూ మంచివి కావు. విడివిడిగా తెల్లకాగితం మడతల్లో పెట్టి, అట్టపెట్టెలో పరిచి, చెమ్మ తగలని చోట ఉంచితే చాలు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో వానాకాలం వెళ్లాక ఓసారి తీసి, ఎండ తగలకుండా నీడలో గాలికి ఆరబెట్టాలి. పురుగుందేమో చూసుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకోటుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే ఆ కవర్లు వాళ్ల ముందు పెట్టండి. ఈ అంకె ఏ ఊరిది, ఈ ఓడలో ఎన్నేళ్లున్నారు, ఈ తేదీన ఎక్కడున్నారు అని అడగండి. చెప్పింది చెప్పినట్టు ఓ కాగితం మీద రాసి ఆ కవరుతోపాటే పెట్టండి. ముద్ర తేదీ మాత్రమే చెబుతుంది. ఆ రోజు ఏం జరిగిందో చెప్పాల్సింది వాళ్లే.